ఆట ముగియకముందే ఆత్మకథ

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందని మన పెద్దల సామెత. నోటి మాటే అంత దూరము పోతే అచ్చయిన మాట సంగతి ఏమి చెప్పాలి? నోటి మాటను అనలేదని బుకాయించవచ్చు, ఏదో కోపములో అన్నామని సర్దుకొనవచ్చు. అచ్చయిన మాట అలా కాదు. అది బీరువాలో కూర్చుంటుంది. పదేళ్ల తరువాత తీసినా అదే మాట పలుకుతుంది. అవసరమైతే మన మీదనే సాక్ష్యము చెప్పుతుంది.

ఈ నెల మేము ఎత్తుకున్న సంగతి కొందరు చదువరులకు వింతగా తోచవచ్చు. ఇంకా మైదానములో ఆడుచున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు తమ తోటివారిని గూర్చి, కోచ్‌లను గూర్చి, క్లబ్బు లోపలి సంగతులను గూర్చి దాపరికము లేకుండ ఆత్మకథలు వ్రాసి అమ్ముకొనవచ్చునా? "పొలము పుట్రా చూసుకొనే మనకు ఇంగ్లండు ఆటగాళ్ల గొడవ ఎందుకండీ?" అని అడుగువారుంటారు. నిజమే. ఐతే ఆ ఆటగాళ్ల పేర్లు మన పిల్లలకు కంఠతా వచ్చు. వారు ఏమి తొడుక్కున్నారో, ఎవరిని తిట్టారో నిమిషములలో ఫోనులోనికి వస్తున్నది. అంతకంటె ముఖ్యమైన కారణము మరొకటున్నది. ఒక కప్పు క్రింద కలిసి బ్రతికేవారు అక్కడ చూచినదానిలో ఎంత వీధిలో చెప్పవచ్చు, ఎంత చెప్పకూడదు అన్నది ఆటగాళ్ల ప్రశ్న మాత్రమే కాదు. ఉమ్మడి కుటుంబములో ఉన్నవారికి, ఒక బడిలో పనిచేయు ఉపాధ్యాయులకు, ఒక సంఘములోని పెద్దలకు కూడ అదే ప్రశ్న. వారి కథలో మన ముఖము మనకు కనబడుతుంది.

ఈ పుస్తకములు ఎట్లు పుట్టుచున్నవి?

ముందుగా ఈ వ్యాపారము ఎట్లు నడుచునో తెలిసికొందాము. ఆడుచున్న ఆటగాళ్లలో స్వయముగా కలము పట్టి పుస్తకము వ్రాయువారు అరుదు. ఒక పత్రికా విలేఖరి వచ్చి కూర్చుంటాడు. ఆటగాడు మాట్లాడుతాడు, విలేఖరి రికార్డు చేసికొని పోయి కథగా కూర్చుతాడు. అట్టపై ఆటగాని బొమ్మ, ఆటగాని పేరు. ప్రచురణకర్త ముందుగానే పెద్ద మొత్తము చెల్లిస్తాడు. ఆ సొమ్ము తిరిగి రావలెనంటే పుస్తకము సంచలనము కావలెను. గనుక విడుదలకు ముందు కొన్ని భాగములను ఒక దినపత్రికకు అమ్ముతారు. ఆ పత్రికవారు మూడు వందల పుటలలో ఏ పది వాక్యములు మంట పుట్టించునో వాటినే ఏరి మొదటి పేజీలో వేస్తారు. ఆటగాని బాల్యము, తల్లి పడిన కష్టము, గాయముతో మంచము మీద పడియున్న నెలలు, ఇవన్నీ పుస్తకములోనే మిగిలిపోతాయి. జనము నోట నానేది ఆ పది వాక్యములే.

ఆట మానిన తరువాత వ్రాయవచ్చు గదా అంటే, మానిన వాని పుస్తకమునకు గిరాకీ తక్కువ. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనన్న లెక్క ఇది. 2006లో వేన్ రూనీ అను ఇంగ్లండు ఆటగానికి 20 ఏళ్ల వయస్సులోనే ఐదు పుస్తకములకు ఒప్పందము కుదిరింది. పన్నెండేళ్లలో ఐదు పుస్తకములు, 50 లక్షల పౌండ్లని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. ఇరువది ఏండ్ల కుర్రవాడు ఐదు పుస్తకములకు సరిపడు ఆత్మకథను ఎక్కడి నుండి తేగలడు? తన కథ చాలనప్పుడు ఎదుటివారి కథలోనికి పోవలసివస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

షుమాకర్ చెల్లించిన వెల

ఈ విషయములో మొదట చెప్పుకొనవలసిన పేరు పశ్చిమ జర్మనీ గోల్‌కీపరు హరాల్డ్ షుమాకర్. అందరూ టోనీ అని పిలుస్తారు. 1982, 1986 ప్రపంచ కప్పు పోటీలలో రెండుసార్లూ అంతిమ పోటీ వరకు వెళ్లిన జట్టుకు ఆయనే గోల్‌కీపరు. దేశము తరపున 76 ఆటలు ఆడాడు. 1972 నుండి కొలోన్ క్లబ్బులోనే ఉన్నాడు. 1987లో ఆయన తన ఆత్మకథను ప్రచురించాడు. ఆట మొదలుపెట్టు ఈలను జర్మనులు ఏమంటారో అదే దానికి పేరు, 'అన్‌ఫిఫ్'. జర్మనీ మొదటి తరగతి పోటీలలో ఆటగాళ్లు ఉత్తేజపు మందులు వాడుచున్నారనీ, దగ్గు మందు పేరుతో తానును తోటివారును వాటిని ప్రయత్నించారనీ అందులో చెప్పాడు. ప్రపంచ కప్పు శిబిరములో జరిగిన జూదమును, రాత్రి తిరుగుళ్లను కూడ బయటపెట్టాడు.

ఫలితము వెంటనే వచ్చింది. జాతీయ జట్టు నుండి తొలగించారు. మరల ఎన్నడును దేశము తరపున ఆడలేదు. పదిహేనేండ్లు సేవ చేసిన కొలోన్ క్లబ్బు కూడ బయటికి పంపింది. ఆయన షాల్కె క్లబ్బుకు పోయి, తరువాత టర్కీ దేశము వెళ్లి ఫెనర్‌బాచె జట్టులో ఆడి 1989లో అక్కడ విజేతగా నిలిచాడు.

ఆయన చెప్పినది వట్టి కల్పనయా? 2013లో జర్మనీలోనే పరిశోధకులు పాత పశ్చిమ జర్మనీ క్రీడలలో నిషిద్ధ మందుల వాడకము ఎంతగా ఉండినదో వివరించు నివేదికను బయటపెట్టారు. 2015లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయపు విచారణ సంఘ సభ్యుడొకరు, 1970ల చివరను 1980ల మొదటను స్టుట్‌గార్ట్, ఫ్రైబుర్గ్ ఫుట్‌బాల్ క్లబ్బులలో కండబలపు మందులు వాడినట్లు పత్రములు దొరికాయని తెలిపారు. షుమాకర్ చెప్పిన ప్రతి వాక్యమునకు ఇవి రుజువని మేము అనము. ఐతే ఆ కాలములో "ఇక్కడ అట్టివేమీ లేవు" అని అరచినవారి మాట నిలువలేదన్నది స్పష్టము. ఇంకొక సంగతి. 2012లో అదే కొలోన్ క్లబ్బు ఆయనను ఉపాధ్యక్షునిగా తీసికొన్నది. 2019 వరకు ఆ బాధ్యతలో ఉన్నాడు. వెళ్లగొట్టిన ఇల్లే ఇరువదైదు ఏండ్లకు పిలిచి పీట వేసింది.

స్టామ్, ఫెర్గూసన్

రెండవ కథ యాప్ స్టామ్ అను హాలండు దేశస్థునిది. ఇంగ్లండులోని మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బువారు 1998లో ఆయనను కోటి పౌండ్లకు పైగా ఇచ్చి కొన్నారు. మరుసటి ఏడే ఆ క్లబ్బు ఒకే సంవత్సరములో మూడు పెద్ద కప్పులు గెలిచింది. వెనుక వరుసలో స్టామ్ గోడవలె నిలిచాడు. 2001 ఆగస్టులో ఆయన పుస్తకములోని భాగములు దినపత్రికలో వచ్చాయి. తన పాత క్లబ్బుకు తెలియకుండ మాంచెస్టర్ మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్ ముందుగానే తనతో మాట్లాడాడని అందులో ఉన్నది. ఆటల నిబంధనలలో ఇది నేరము. తోటి ఆటగాళ్లను గూర్చి కూడ ఎగతాళి మాటలు ఉన్నాయి. ఆ నెల ముగియకముందే స్టామ్‌ను ఇటలీలోని లాజియో క్లబ్బుకు అమ్మివేశారు.

పుస్తకము వల్ల అమ్మలేదనీ, గాయము తరువాత ఆట తగ్గిందనీ, మంచి ధర వచ్చిందనీ ఫెర్గూసన్ తరువాత చెప్పుకొచ్చాడు. అమ్మడము తన పొరపాటని కూడ ఒప్పుకున్నాడు. ఆ ఏడు మాంచెస్టర్ మూడవ స్థానముతో సరిపెట్టుకున్నది. ఒక పుస్తకము వల్ల నష్టపోయినది వ్రాసినవాడా, కోపగించినవాడా? ఇద్దరూ అనే మేమంటాము.

ఇక్కడ న్యాయముగా ఒక మాట చెప్పవలెను. ఫెర్గూసన్ స్వయముగా 1999లో, మేనేజరు పదవిలో ఉండగానే, తన ఆత్మకథను ప్రచురించాడు. తన క్రింద పనిచేసిన సహాయకుని గూర్చి అందులో కఠినముగానే వ్రాశాడు. అంతకు ముందు ఏడు ఇంగ్లండు జాతీయ కోచ్ గ్లెన్ హాడిల్, ప్రపంచ కప్పు దినచర్యను పుస్తకముగా వేశాడు. జట్టులోనికి తీసికొనలేదని తెలిసి ఒక ఆటగాడు తన గదిలో ఎట్లు కుప్పకూలాడో కూడ లోకమునకు చెప్పాడు. పెద్దలు వ్రాస్తే అనుభవము, చిన్నవారు వ్రాస్తే ధిక్కారమా? కోడలికి నీతులు చెప్పు అత్తగారు తన నోరు ముందు అదుపులో పెట్టుకొనవలెను గదా! యజమాని గుట్టు విప్పితే కూలివానిని గుట్టు దాచమనే హక్కు అతనికి ఉండదు.

కీన్ చెప్పిన నిజము

అన్నిటికంటె గంభీరమైనది రాయ్ కీన్ కథ. ఐర్లండు దేశస్థుడు, మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్. 1997 సెప్టెంబరులో లీడ్స్ జట్టుతో ఆడుచు, ఆల్ఫ్ ఇంగె హాలండ్ అను నార్వే ఆటగానిని పడవేయబోయి తన మోకాలినే విరుచుకున్నాడు. నేల మీద పడియున్న కీన్ పైన నిలువబడి, "నటిస్తున్నావు, లే" అన్నట్లు హాలండ్ గద్దించాడు. నిజానికి కీలు లోపలి నరము తెగింది. ఆ ఏడాది ఆట అంతా పోయింది.

మూడున్నర ఏండ్లు గడిచాయి. 2001 ఏప్రిల్ 21న హాలండ్ మాంచెస్టర్ సిటీ జట్టులో ఉండగా కీన్ అతని మోకాలి మీదికి బలముగా కాలు విసిరాడు. రిఫరీ ఎర్రకార్డు చూపి బయటికి పంపాడు. మూడు ఆటల నిషేధము, 5,000 పౌండ్ల జరిమానా. అందరూ ఆట వేడిలో జరిగిన సంగతి అనుకున్నారు. వ్యవహారము ముగిసింది.

2002లో కీన్ ఆత్మకథ వెలువడింది. చాలకాలము వేచియుండి కావాలనే కొట్టానని, పశ్చాత్తాపము లేదని అర్థము వచ్చునట్లు అందులో ఉన్నది. దేశమంతా గగ్గోలు పుట్టింది. ఫుట్‌బాల్ సంఘము విచారణ జరిపి, ఆ ఏడు అక్టోబరులో ఐదు ఆటల నిషేధము, 1,50,000 పౌండ్ల జరిమానా విధించింది. పుస్తకమును కూర్చిన విలేఖరి ఈమన్ డన్ఫీ విచారణకు వచ్చి, ఆ మాటల కూర్పు తనదని సాక్ష్యము చెప్పాడు. విచారణ సంఘము దానితో తృప్తిపడలేదు. అట్టపై ఎవరి పేరున్నదో మాట వారిదే.

ఈ కథలో మనము నిదానముగా ఆలోచింపవలసిన ముడి ఒకటున్నది. కీన్ నోరు మూసికొనియున్నట్లయితే మూడు ఆటలతో బయటపడేవాడు. నిజము చెప్పినందుకు ఐదు ఆటలు, ముప్పది రెట్ల జరిమానా. ఐతే అధికారులు నిజాయితీని శిక్షించారా? "దాచుకున్నవాడు దొర, ఒప్పుకున్నవాడు దొంగ" అను పాఠమునే పిల్లలకు నేర్పారా? కొందరు అప్పుడు అలాగే వాదించారు. ఆ వాదములో బలము లేకపోలేదు.

ఐనను మేము దానితో ఏకీభవింపము. చేసిన తప్పును చెప్పడము వేరు, చేసిన తప్పును చాటడము వేరు. ఒప్పుకోలులో గాయపడినవాని ముఖము ఎదుట ఉంటుంది. చాటింపులో చెప్పుకొనువాని ముఖమే ఉంటుంది. హాలండ్ ఆ దెబ్బ తరువాత మరల ఒక పూర్తి ఆట ఆడలేకపోయాడు, 2003లో ఆట నుండి తప్పుకున్నాడు. అతని బాధకు అంతకు ముందే ఉన్న మరొక మోకాలి గాయము ముఖ్య కారణమని కూడ చెప్తారు. కారణము ఏదైనను, నడవలేక నడుచుచున్నవాని చేతికి "కావాలనే కొట్టాను" అను పుస్తకము అందడము ఎట్లుంటుందో ఊహించండి. ఆ పుస్తకము అతనికి ఏమి ఇచ్చింది? క్షమాపణ ఇవ్వలేదు. వైద్యపు ఖర్చు ఇవ్వలేదు. వ్రాసినవానికి మాత్రము సొమ్ము ఇచ్చింది. నిజము నిప్పువంటిదంటారు. నిప్పుతో అన్నము వండవచ్చు, ఎదుటివాని ఇల్లు కాల్చవచ్చు. రెండూ నిప్పే. (ఆ హాలండ్ కుమారుడు ఎర్లింగ్ 2022లో అదే మాంచెస్టర్ సిటీ జట్టులో చేరి, గోల్సు మీద గోల్సు చేసి తండ్రి పేరును మరల ఆ ఊరిలో వినిపించాడు.)

కోర్టుకు చేరిన మాట

రూనీ మాటకు తిరిగి వద్దాము. 2006 నాటి మొదటి పుస్తకములో, తాను ఎవర్టన్ క్లబ్బులో ఉన్నప్పుడు తనకును మేనేజరు డేవిడ్ మోయెస్‌కును మధ్య జరిగిన ఆంతరంగిక సంభాషణను మోయెస్ పత్రికకు చేరవేశాడని వ్రాశాడు. మోయెస్ పరువునష్టము దావా వేశాడు. 2008లో రూనీయును ప్రచురణకర్తలును క్షమాపణ చెప్పి పరిహారము చెల్లించారు. మోయెస్ ఆ సొమ్మును ఎవర్టన్ పూర్వ ఆటగాళ్ల సహాయనిధికి ఇస్తానన్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. 2013లో ఫెర్గూసన్ పదవి విరమింపగా మాంచెస్టర్ యునైటెడ్‌కు మేనేజరుగా వచ్చినది ఎవరు? అదే డేవిడ్ మోయెస్! రూనీ అప్పటికింకా ఆ జట్టులోనే ఉన్నాడు. ఎవనిని గూర్చి వ్రాశాడో వాని యెదుటనే ప్రతి ఉదయము నిలువబడవలసి వచ్చింది. ఇద్దరూ పెద్దమనుష్యులవలె పాతది ప్రక్కనపెట్టి కలిసి పనిచేశారు. అది వారి మంచితనము. ఐనను ఆట మానిన వానికి లేని ఈ చిక్కు ఆడుచున్నవానికి ఎప్పుడును ఉంటుంది. ఊరు వదలి పోనివాడు ఊరి బావిలో రాయి వేయకూడదు. రేపు నీళ్లకు అక్కడికే పోవలెను.

మరొక త్రోవ

చెడు ఫలితములనే చూపితే మాట ఏకపక్షమవుతుంది. రెండు వేరు ఉదాహరణలు చూద్దాము.

ఫిలిప్ లామ్ 2011లో జర్మనీ జట్టుకును బాయర్న్ క్లబ్బుకును కెప్టెన్. ఆ ఏడు ఆగస్టులో వచ్చిన ఆయన పుస్తకములో తన పాత కోచ్‌ల శిక్షణ పద్ధతులను విమర్శించాడు. 2004 నాటి కోచ్ రూడీ ఫోలర్ దగ్గర అభ్యాసము సెలవు దినములవలె సాగిందనీ, క్లిన్స్‌మన్ దగ్గర వ్యాయామమే తప్ప ఆట వ్యూహము తక్కువనీ భావము. ఫోలర్ మండిపడ్డాడు. లామ్ మొండికేయక బహిరంగముగా క్షమాపణ కోరాడు. సమాఖ్యవారు మందలించి ఊరుకున్నారు, కెప్టెన్ పదవి తీసివేయలేదు. 2014 జూలై 13న రియో నగరములో ప్రపంచ కప్పును పైకెత్తినది ఆ లామే. షుమాకర్ విషయములో లేని ఓర్పు ఇరువది నాలుగేండ్ల తరువాత అదే దేశములో కనబడింది. మాట జారినవాడు వెంటనే దిగివచ్చాడు, పెద్దలు దానిని కొండంత చేయలేదు. అందుకే ఇల్లు నిలిచింది.

రెండవవాడు ఆర్సెనల్ కెప్టెన్ టోనీ ఆడమ్స్. త్రాగి కారు నడిపి 1990 డిసెంబరులో జైలుకు వెళ్లినవాడు. 1996లో "నేను త్రాగుబోతును" అని తోటి ఆటగాళ్ల ముందు, పత్రికల ముందు ఒప్పుకున్నాడు. 1998లో, ఇంకా కెప్టెన్‌గా ఆడుచుండగానే, ఆ కథనంతా పుస్తకముగా వెలువరించాడు. దానిలో ఎక్కువ దెబ్బలు తగిలినది ఎవరికి? తనకే. ఎట్లు త్రాగాడో, ఎట్లు మేల్కొన్నాడో, భార్యాబిడ్డలు ఏమి పడ్డారో చెప్పాడు. ఆర్సెనల్ ఆయనను వెళ్లగొట్టలేదు. 2002లో ఆట మానువరకు ఆయనే కెప్టెన్, ఆ చివరి ఏడు కూడ జట్టు రెండు కప్పులు గెలిచింది. 2000 సంవత్సరములో ఆయన మత్తుకు లోనైన ఆటగాళ్లను బాగుచేయుటకు ఒక సంస్థను స్థాపించాడు. ఆ పుస్తకము అమ్ముడైనంత మాత్రమున ఆగక మనుష్యులను నిలబెట్టింది.

మన సంఘములలో సాక్ష్యము చెప్పువారిని మనము ఎరుగుదుము. "నేను ఇట్లుంటిని" అని ఒకడు లేచి చెప్పినప్పుడు వినువారి కన్నులు తడి అవుతాయి. "మా ప్రక్కింటివాడు ఇట్లుండెను" అని మొదలుపెడితే పెద్దలు మెల్లగా కూర్చోమంటారు. ఆడమ్స్ పుస్తకమునకును తక్కినవాటికిని గల తేడా మన పల్లె సంఘములోని పామరునికి కూడ తెలియును.

రెండు ప్రక్కల వాదములు

ఆడుచుండగానే వ్రాయవచ్చుననువారు మూడు మాటలు చెప్పుదురు. మొదటిది, జ్ఞాపకము పచ్చిగా ఉన్నప్పుడే నిజము నిజముగా ఉంటుంది. ఇరువది ఏండ్ల తరువాత వ్రాసినది పులిహోరవలె పోపు పెట్టినదే అవుతుంది. రెండవది, అన్యాయము జరుగుచున్నప్పుడే చెప్పవలెను గాని అందరూ ముసలివారయ్యాక చెప్పి లాభమేమి? మూడవది, క్లబ్బులు ఆటగాళ్లను పశువులవలె కొని అమ్ముచున్నవి. వారి నోటికి ఒప్పందములతో తాళము వేయుచున్నవి. ఆత్మకథ ఒక్కటే వారికి మిగిలిన గొంతుక.

కూడదనువారును మూడు మాటలు చెప్పుదురు. డ్రెస్సింగ్ రూములో ఒకడు ఏడ్చినా, తిట్టినా, భయపడినా అది బయటికి పోదన్న నమ్మకము మీదనే జట్టు నిలుచును. ఆ నమ్మకము పోతే పదునొకండుగురు ఉంటారు గాని జట్టు ఉండదు. ఇంటిగుట్టు లంకకు చేటు. ఇది మొదటిది. వ్రాయబడినవానికి బదులు చెప్పు వేదిక ఉండదు, ఇది రెండవది. సొమ్ము పుచ్చుకొని చెప్పిన నిజములో ఎంత నిజమో ఎంత ఉప్పు కారమో చదువరికి తెలియదు, ఇది మూడవది. ఇటలీలో ఇంటర్ క్లబ్బు కెప్టెన్ మౌరో ఇకార్డీ 2016లో 23 ఏండ్లకే ఆత్మకథ వేసి, తమ జట్టు అభిమానుల గుంపుతో జరిగిన గొడవను బెదిరింపు మాటలతో సహా వ్రాశాడు. ఆ అభిమానులే మైదానములో అతనికి విరోధముగా బ్యానర్లు కట్టారు. ఆనాటి ఆటలో అతడు పెనాల్టీ తప్పగొట్టాడు, జట్టు ఓడింది. క్లబ్బు జరిమానా వేసింది, ఆ పుటలను తీసివేయుటకు అతడు ఒప్పుకొనవలసి వచ్చింది. ఒకని పుస్తకమునకు జట్టంతా వెల చెల్లించింది.

మా అభిప్రాయము

ఆడుచున్నవాడు అసలు పుస్తకమే వ్రాయకూడదని మేము అనము. అట్లన్న యెడల ఆడమ్స్ పుస్తకము లేకపోయేది. అన్నీ వ్రాయవచ్చుననియు అనము. వ్రాయబోవు ప్రతివాడును నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఇది ఎవరి కథ? నా తప్పు నాది, దానిని నేను ఎప్పుడైనను చెప్పవచ్చు. తోటివాని కన్నీరు వానిది. దానిని అమ్ముటకు నాకు హక్కు లేదు.

రెండవది: దీనిని దాచుట వలన ఎవరికైనను హాని కలుగుచున్నదా? నిషిద్ధ మందులు, చిన్నపిల్లల మీద అఘాయిత్యము, డబ్బు తీసికొని ఆట ఓడుట, ఇట్టివి గుట్టు కావు, నేరములు. వీటిని దాచుట విశ్వాసపాత్రత కాదు. షుమాకర్ మందులను గూర్చి చెప్పినది ఈ కోవలోనిది. ఎవరు రాత్రి ఎక్కడ తిరిగారన్నది ఈ కోవలోనిది కాదు. రెంటిని ఒకే పుస్తకములో కలుపుటచేత, రెండవదాని మీది కోపముతో మొదటిదానిని త్రోసివేయుటకు పెద్దలకు సాకు దొరికింది.

మూడవది: ముందుగా చెప్పవలసినవారికి చెప్పితినా? నేరమును చెప్పుటకు విచారణ సంఘములున్నవి, సమాఖ్యలున్నవి. కోచ్ మీద ఆక్షేపణయుంటే కోచ్ గది తలుపు తట్టవచ్చు. లోపల చెప్పి, విననప్పుడు బయట చెప్పినవానికి ఒక గౌరవమున్నది. లోపల నవ్వుచు కూర్చుండి బయట వ్రాసినవానిని తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడనే అందురు.

నాల్గవది: దీనికి సొమ్ము రాకపోయినను చెప్పుదునా? ఈ ప్రశ్నకు జవాబు వ్రాయువాని మనస్సాక్షికి తప్ప మరెవరికిని తెలియదు. చాల పుటలు ఈ ప్రశ్న దగ్గరే రాలిపోవును.

ఈ నాలుగు ప్రశ్నలను దాటివచ్చిన మాటను ఆటగాడు ధైర్యముగా వ్రాయవచ్చు. అప్పుడు కూడ వెల చెల్లించుటకు సిద్ధపడవలెను. నిజమునకు వెల లేని కాలము ఎన్నడును లేదు. అధికారులకును మేము చెప్పునదేమనగా, చెప్పినవాని నోరు నొక్కుటకు ముందు చెప్పినది నిజమో కాదో విచారించండి. అద్దము పగులగొట్టినంత మాత్రమున ముఖము మీది మసి పోదు.

మన ఇండ్లకు

పుస్తకము వ్రాయు యోగము మనలో ఎక్కువమందికి లేదు. ఐతే పుస్తకమంత పనిని నేడు ఫోను చేయుచున్నది. అన్నదమ్ముల పంపకాల గొడవ తెల్లవారేసరికి బంధువుల వాట్సాప్ గుంపులో ఉంటుంది. వేరు పడిన కోడలు అత్తింటి సంగతిని, పంచాయితీలో ఓడినవాడు పెద్దల సంగతిని, సంఘము మారినవాడు పాత సంఘము సంగతిని స్టేటస్‌గా పెట్టుచున్నారు. ఏ విలేఖరియు రానక్కరలేదు, ఏ ప్రచురణకర్తయు డబ్బివ్వనక్కరలేదు. వ్రాసినవారు మరునాడు అదే వీధిలో, అదే బావి దగ్గర, అదే పెండ్లి పందిరిలో ఎదురుపడవలసియున్నది. మోయెస్, రూనీ ఎదురుపడినట్లే.

అట్లని కొట్టు భర్తను, వేధించు అత్తింటిని, మోసగించు పెద్దను గుట్టు పేరుతో దాచమని మేము చెప్పుట లేదు. దెబ్బలు తినుచున్న ఆడబిడ్డను "ఇంటి పరువు" అని నోరు మూయించుట పాపము. ఆమె చెప్పవలెను. మనము వినవలెను, పోలీసు మెట్లు ఎక్కవలసివస్తే ఆమె ప్రక్కన నడువవలెను. ఆపదలో ఉన్నవాని కేక వేరు, అక్కసుతో వేసిన చాటింపు వేరు. ఆ తేడా తెలిసికొనుటకే ఈ నాలుగు ప్రశ్నలు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు మెచ్చుకొను ఆటగాడు ఎవరినో తిట్టిన వార్త వచ్చినప్పుడు, "ఆ పనికిమాలిన ఆటలు చూడకు" అని కసరి పంపివేయకండి. దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి. "నీవు ఆ జట్టులో ఉంటే ఏమి చేసియుందువు? నిన్ను గూర్చి నీ స్నేహితుడు ఇట్లు వ్రాస్తే నీకెట్లుండును?" పిల్లలు చాల న్యాయముగా జవాబు చెప్పుదురు. ఆటగాళ్లు మన పిల్లలకు గోల్సు కొట్టుట నేర్పగలరు. ఏ మాట ఎప్పుడు చెప్పవలెనో, ఏ మాట కడుపులో దాచుకొనవలెనో నేర్పవలసినది మనమే.